ఇల్లు ఎంత ఉండాలి? – లె కార్బూజియే జీవితంలో మూడు ఇళ్ళు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఉద్యోగ విరమణ చేసినవారికి ఈ సామెతకు అర్థం వేరే చెప్పనక్కరలేదు. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చేతికి వచ్చిన రోజున మనలో చాలామందికి మొట్టమొదట కలిగే ఆలోచన సొంత ఇల్లే. ఎంత పెద్దది కట్టాలి, పిల్లలు వస్తే ఎన్ని గదులుండాలి, మేడ వేయాలా వద్దా అని లెక్కలు వేస్తాం. పదేళ్ళు తిరిగేసరికి పిల్లలు ఎక్కడో స్థిరపడతారు. పైగదులకు తాళాలు పడతాయి. మిగిలిన ఇద్దరూ కింద రెండు గదుల్లో సర్దుకుంటారు. ఈ అనుభవం మన దేశానిదే కాదు, మన కాలానిదే కాదు. ఇరవయ్యో శతాబ్దంలో ఇళ్ళ నిర్మాణాన్నే మార్చివేసిన ఒక మహాశిల్పి కన్నతల్లిదండ్రులకు కూడా ఇది తప్పలేదు. ఆయనే లె కార్బూజియే. చండీగఢ్ నగరాన్ని రూపొందించిన వ్యక్తిగా ఆయన పేరు మన పత్రికలలో కార్బూజియర్ అని కూడా కనిపిస్తుంటుంది.

యూరప్ యాత్ర అంటే మనవారికి ఈఫిల్ టవరు, స్విట్జర్లాండు మంచుకొండలు, రోము నగరపు చర్చీలు గుర్తుకు వస్తాయి. ఇవి కాక మరో రకం బృందయాత్రలు కూడా అక్కడ నడుస్తుంటాయి. భవన నిర్మాణ విద్యార్థులు, ఇంజనీర్లు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, కేవలం ఆసక్తి ఉన్న గృహిణులు ఒక గైడు వెంట బస్సులో బయలుదేరి, కోటలనూ రాజభవనాలనూ పక్కనపెట్టి, ఆధునిక కాలంలో సిమెంటు కాంక్రీటుతో కట్టిన ఇళ్ళు, ప్రార్థనాలయాలు, అపార్టుమెంట్లు చూసి వస్తారు. ఇలాంటి యాత్రలలో తరచు కనిపించే పేరు కార్బూజియేదే. 2016లో ఆయన నిర్మాణాలు 17 ఒకేసారి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. అవి ఏడు దేశాలలో ఉన్నాయి. వాటిలో 10 ఒక్క ఫ్రాన్సులోనే ఉండగా, మన చండీగఢ్ కాపిటల్ సముదాయం ఒకటి. 2019లో యూరప్ మండలి ఆయన కట్టడాలను కలిపే దారిని ఒక సాంస్కృతిక యాత్రామార్గంగా గుర్తించింది.

ఆ యాత్రలో చూపించే భవనాలు అనేకం. అందులో మూడు మాత్రం ఆయన సొంతవారి కోసం కట్టినవి. రెండు తల్లిదండ్రులకు, ఒకటి భార్యకూ తనకూ. ఈ మూడింటినీ గుర్తులుగా పెట్టుకొని చూస్తే ఆ మనిషి జీవితం బాగా అర్థమవుతుంది. బస్సు రహదారి సౌకర్యాన్ని బట్టి పోతుంది. మనం మాత్రం ఆయన జీవితక్రమంలో పోదాం.

గడియారాల ఊరు

స్విట్జర్లాండులో, ఫ్రాన్సు సరిహద్దు దగ్గర, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున లా షో ద ఫోఁ అనే ఊరుంది. 1794లో అగ్నిప్రమాదంలో ఊరు చాలావరకు కాలిపోగా, తర్వాత వీధులను గళ్ళ కాగితం మీద గీసినట్లు తిన్నగా వేసి కట్టారు. చేతిగడియారాల తయారీయే ఊరి జీవనాధారం. పనివారికి పగటి వెలుతురు కావాలి కనుక ఇళ్ళకు కిటికీలు దండిగా పెట్టేవారు.

ఈ ఊళ్ళో 1887 అక్టోబరు 6న షార్ల్ ఎడ్వార్ జన్నెరె పుట్టాడు. ఇదే మన కథానాయకుడి అసలు పేరు. తండ్రి గడియారాల ముఖఫలకాలకు ఎనామిల్ పూత వేసే పనివాడు. తల్లి పిల్లలకు పియానో నేర్పేది. అన్న ఆల్బేర్ సంగీతంలోకి వెళ్ళాడు. తమ్ముణ్ణి గడియారాల మీద నగిషీ చెక్కే పని నేర్చుకోమని ఊరి కళాశాలలో చేర్చారు. చూపు అంత బాగుండేది కాదు. అక్కడి ఉపాధ్యాయుడు లెప్లత్నియే ఈ కుర్రవాడిలోని శక్తిని గుర్తించి, భవన నిర్మాణం వైపు మళ్ళించాడు. ఆ విద్యలో కార్బూజియేకు పట్టా అంటూ ఏదీ లేదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వయసులోనే ఒక స్థానిక అనుభవజ్ఞుడి తోడ్పాటుతో మొదటి ఇల్లు కట్టాడు.

పట్టా లేని లోటును ఆయన యాత్రలతో తీర్చుకున్నాడు. 1907లో ఇటలీ వెళ్ళాడు. ఫ్లారెన్సు నగరం దగ్గర ఎమా అనే చోట సన్యాసుల మఠం ఒకటి ఆయన మనసులో నాటుకుపోయింది. అక్కడ ఒక్కొక్క సన్యాసికి చిన్న గది, దానికి చిన్న తోట, ఎదురుగా కొండల దృశ్యం. భోజనం, ప్రార్థన అందరికీ కలిపి. మనిషికి ఏకాంతమూ కావాలి, పదిమందీ కావాలి అన్న సంగతిని ఆ మఠం గోడలలో చూశాడాయన. తర్వాత పారిస్‌లో ఒగ్యూస్త్ పెరే వద్ద ఇనుము కట్టిన కాంక్రీటు పని, బెర్లిన్‌లో పీటర్ బెరెన్స్ వద్ద పరిశ్రమలకు సంబంధించిన పని నేర్చుకున్నాడు. 1911లో ఒక మిత్రుడితో కలిసి వియన్నా, బుడాపెస్టు, బెల్‌గ్రేడ్, బుఖారెస్టుల మీదుగా ఇస్తాంబుల్ చేరి, అక్కడనుంచి ఏథెన్సు, ఇటలీ చూసుకుంటూ తిరిగివచ్చాడు. కెమెరా వెంట ఉన్నా ఎక్కువగా నమ్ముకున్నది పెన్సిలునే. మసీదుల గుమ్మటాలు, పల్లెటూరి పెరళ్ళు, గ్రీకు ఆలయాల స్తంభాలు అన్నీ పుస్తకంలోకి ఎక్కాయి.

మొదటి ఇల్లు: తండ్రి పొదుపు కరిగిన తెల్లమేడ

యాత్ర ముగించి వచ్చిన యువకుడికి తన ఊహలను నిజం చేసుకోవాలన్న ఆత్రం సహజమే. 1912లో తల్లిదండ్రులకు ఊరి పైభాగాన, అడవి అంచున ఒక ఇల్లు కట్టాడు. గోడలు తెల్లగా ఉండటం వల్ల దానికి తెల్లమేడ అని పేరు వచ్చింది. తల్లి పియానో పాఠాలకు విశాలమైన హాలు, చక్కని తోట, అటకలు, అలమార్లు అన్నీ అమర్చాడు. చూసినవారు మెచ్చుకున్నారు. ఖర్చు మాత్రం గడియారాల పనివాడి తాహతును మించిపోయింది. జీవితకాలపు పొదుపు అందులోకి పోయింది. పైగా అదే కాలంలో ఎనామిల్ పనికి గిరాకీ తగ్గుతూ వచ్చింది. చలిదేశంలో అంత పెద్ద ఇంటిని వెచ్చగా ఉంచుకోవడమే భారమైంది. చివరకు 1919లో ఆ వృద్ధదంపతులు ఇంటిని నష్టానికి అమ్ముకొని ఊరు విడిచి వెళ్ళవలసివచ్చింది. అప్పటికి వారు అందులో ఉన్నది ఏడేళ్ళు.

ఆ తండ్రి స్థానంలో మనల్ని ఊహించుకుంటే ఆ బాధ తెలుస్తుంది. కొడుకు మీద నమ్మకంతో కూడబెట్టినదంతా అప్పగించాడు. కొడుకు దురుద్దేశమేమీ లేదు. తల్లిదండ్రులకు గొప్ప ఇల్లు ఇవ్వాలనుకున్నాడు. తనకు ఏది గొప్పగా తోచిందో అదే వారికీ కావాలనుకోవడం దగ్గర పొరపాటు జరిగింది. అదే ఊళ్ళో మరొక గడియారాల వ్యాపారికి కట్టిన ఇల్లు కూడా అంచనాకు మించి ఖర్చు కావడంతో వ్యవహారం కోర్టుకు వెళ్ళింది. 1917లో ఆయన సొంత ఊరు వదిలి పారిస్ చేరుకున్నాడు. తర్వాతి కాలంలో తన నిర్మాణాలన్నింటినీ సంపుటాలుగా అచ్చు వేయించినప్పుడు ఈ తెల్లమేడకు వాటిలో చోటివ్వలేదు. యునెస్కో జాబితాలోనూ ఇది లేదు. కొందరు అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి ఇంటిని కొని, బాగుచేయించి, 2005 నుంచి సందర్శకులకు తెరిచారు. కార్బూజియే యాత్రకు బయలుదేరినవారు మొదట చూడవలసినది, నా దృష్టిలో, ఈ ఇల్లే.

రెండవ ఇల్లు: సరస్సు ఒడ్డున 64 చదరపు మీటర్లు

పారిస్‌లో మొదటి రోజులు కష్టంగానే గడిచాయి. ముప్పై దాటగానే ఒక కంటి చూపు దెబ్బతిన్నది. చిత్రకారుడు ఓజాఁఫాఁతో స్నేహం కుదిరి, ఇద్దరూ మరొకరితో కలిసి 1920లో ఒక పత్రిక పెట్టారు. అందులో వ్యాసాలు రాయడానికి తల్లి తరఫు పూర్వీకుల ఇంటిపేరును కొద్దిగా మార్చి లె కార్బూజియే అన్న కలం పేరు పెట్టుకున్నాడు. 1923లో ఆ వ్యాసాలు పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా చర్చకు దారితీశాయి. మోటారు కారును, విమానాన్ని అవసరానికి తగినట్లు ఎంత పొందికగా తయారు చేస్తున్నామో, మనిషి నివసించే ఇంటినీ అంత పొందికగా తయారు చేయాలన్నది ఆయన వాదన. 1922 నుంచి వరుసకు సోదరుడైన పియేర్ జన్నెరె భాగస్వామిగా చేరాడు.

సరిగ్గా ఈ కాలంలోనే తల్లిదండ్రులకు మరో ఇల్లు కట్టే అవకాశం వచ్చింది. ఈసారి ఆయన పద్ధతి మారింది. ముందుగా ఆ ఇద్దరూ రోజంతా ఏం చేస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఎన్ని అడుగులు నడుస్తారు అని ఆలోచించి ప్లాను గీశాడు. ఆ కాగితం జేబులో పెట్టుకొని దానికి తగిన స్థలం కోసం వెతికాడు. మామూలుగా మనం స్థలం కొని ఆ తర్వాత ప్లాను వేయిస్తాం. ఇక్కడ ప్లానే స్థలాన్ని వెతుక్కుంది. జెనీవా సరస్సు ఒడ్డున, వెవే పట్టణం పక్కన కోర్సో గ్రామంలో అది దొరికింది. 1923, 24 సంవత్సరాలలో ఇల్లు పూర్తయింది.

పొడవు 16 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. అంటే మొత్తం 64 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 690 చదరపు అడుగులు. మేడ లేదు, మెట్లు లేవు. ఒక గదిలోంచి మరో గదిలోకి తిరుగుతూ మళ్ళీ బయలుదేరిన చోటికే వస్తాం. సరస్సు వైపు గోడకు 11 మీటర్ల పొడవున ఒకే కిటికీ. మంచంలో పడుకున్నా, బల్ల దగ్గర కూర్చున్నా నీళ్ళు, అవతల ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయి. తోటలో ఒక గోడ కట్టి, దానికి చదరపు కిటికీ లాంటి ఖాళీ వదిలి, అక్కడే చెట్టు నీడన బల్ల వేశాడు. ఎప్పుడూ ఎదురుగా ఉండే అందాన్ని కన్ను పట్టించుకోవడం మానేస్తుందని, కొంత మూసి కొంత చూపిస్తేనే విలువ తెలుస్తుందని ఆయన ఉద్దేశం.

తండ్రి ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండే అదృష్టానికి నోచుకోలేదు. 1926లో కన్నుమూశాడు. తల్లి మాత్రం 1960లో, దాదాపు నూరేళ్ళ వయసులో చనిపోయేవరకు ఆ ఇంట్లోనే ఉంది. ముప్పై అయిదేళ్ళకు పైగా ఒక వృద్ధురాలికి ఆ చిన్న ఇల్లు సరిపోయింది. ఎక్కడున్నా కొడుకు ఆమెకు ఉత్తరాలు రాస్తూనే ఉండేవాడు. ఆమె తర్వాత అన్న ఆల్బేర్ 1973లో మరణించేదాకా అక్కడే నివసించాడు. లోపాలు లేవని కాదు. గోడ బీటలు వారితే తర్వాతి కాలంలో రేకులు తొడిగించవలసివచ్చింది. ఇప్పుడది ప్రదర్శనశాల. బస్సులో వచ్చిన బృందం ఒక్కసారిగా లోపల పట్టదు. కొందరు లోపల ఉంటే కొందరు తోటలో తిరుగుతూ తమ వంతు కోసం వేచి ఉండాలి. యాత్రికులలో వయసు మళ్ళినవారు ఎక్కువసేపు నిలబడిపోయేది ఇక్కడేనంటే ఆశ్చర్యం అక్కరలేదు.

కారిన శ్లాబు

1920ల చివరి నాటికి ఆయన కొత్త ఇంటికి అయిదు సూత్రాలు ఏర్పరిచాడు. ఇల్లు నేలకు ఆనకుండా స్తంభాల మీద నిలవడం, పైన వాలుకప్పు బదులు తోట ఉన్న డాబా, బరువు స్తంభాలు మోస్తాయి కనుక గదుల గోడలను ఎక్కడైనా పెట్టుకోగలగడం, అడ్డంగా సాగే పొడవాటి కిటికీలు, బరువు మోయనవసరం లేని స్వేచ్ఛాయుతమైన ముందుగోడ. నేడు మన పట్టణాలలో కింద కార్లు పెట్టుకొని స్తంభాల మీద లేచిన అపార్టుమెంట్లు చూస్తే ఈ సూత్రాలు ఎంత దూరం వచ్చాయో తెలుస్తుంది. 1927లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో మీస్ వాన్ డెర్ రోహే ఆధ్వర్యంలో పలు దేశాల శిల్పులు కలిసి ఒక నమూనా కాలనీ కట్టినప్పుడు కార్బూజియే, పియేర్ ఈ సూత్రాలతో ఇళ్ళు కట్టి చూపించారు. వాటిలో ఒక జంట ఇంటిలో 2006 నుంచి ప్రదర్శనశాల నడుస్తున్నది.

ఈ సూత్రాలన్నీ కలిసి కనిపించేది పారిస్ దగ్గర పువాస్సీ పట్టణంలోని విల్లా సవోయ్‌లో. 1928లో మొదలై 1931లో పూర్తయింది. పచ్చిక మధ్య సన్నని స్తంభాల మీద తెల్లని పెట్టె నిలిపినట్లుంటుంది. కింది నుంచి డాబా దాకా ఏటవాలు దారి మీద నడుస్తూ పోవచ్చు. మెట్లు ఎక్కలేని యాత్రికులకు ఇది హాయి. కాని ఇంటివారికి హాయి దక్కలేదు. వాన పడితే కప్పు కారేది. హాలులో, నడవలో, స్నానాలగదిలో నీళ్ళు. ఇంటి యజమానురాలు మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు రాసి, బాగుచేయకపోతే దావా వేస్తామనేదాకా వచ్చింది. ఇంతలో 1939లో యుద్ధం ప్రారంభమై, 1940లో ఆ కుటుంబం ఇల్లు వదిలిపోయింది. జర్మను సైనికులు, ఆ తర్వాత అమెరికను సైనికులు అందులో మకాం పెట్టారు. యుద్ధానంతరం బడి కోసం ఆ ఇంటిని కూల్చివేయాలని తలపెడితే ప్రపంచమంతటి నుంచి నిరసనలు వచ్చాయి. 1965లో ఫ్రాన్సు ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. శ్లాబు కారితే మేస్త్రీతో గొడవపడిన అనుభవం మనలో ఎవరికి లేదు! ఆధునిక యుగపు ఆణిముత్యంగా పేరొందిన భవనానికీ అది తప్పలేదు.

ఆయన ఆలోచనలలో అంగీకరించలేనివీ ఉన్నాయి. 1925లో పారిస్ నడిబొడ్డున పాత పేటలను చాలావరకు పడగొట్టి, 18 ఆకాశహర్మ్యాలు లేపాలని ఒక ప్రణాళిక చూపించాడు. అది అమలు కాకపోవడం పారిస్ అదృష్టమని నేటికీ అనేకులు భావిస్తారు. యుద్ధకాలంలో నాజీలకు లొంగిన విషీ ప్రభుత్వం వద్ద పనులు దొరుకుతాయేమోనని దాదాపు ఏడాదిన్నర అక్కడ కాలం గడిపాడు. పని దొరకలేదు గాని మచ్చ మిగిలింది. యాత్రలలో మంచి గైడు ఈ సంగతులు దాచడు.

వేయిమంది ఒకే కప్పు కింద

యుద్ధంలో ఇళ్ళు కోల్పోయిన వారికి వసతి కల్పించే బాధ్యతలో భాగంగా ఫ్రాన్సు ప్రభుత్వం ఆయనకు మార్సేయ్ రేవుపట్టణంలో ఒక పెద్ద భవనం అప్పగించింది. 1947లో మొదలై 1952 అక్టోబరులో ప్రారంభోత్సవం జరిగింది. 137 మీటర్ల పొడవు, 56 మీటర్ల ఎత్తు, 337 ఫ్లాట్లు, సుమారు 1,600 మంది. ఒంటరివారి నుంచి పెద్ద కుటుంబాల దాకా సరిపడేలా 23 రకాల ఫ్లాట్లు. నడిమి అంతస్తులో అంగళ్ళ వీధి. డాబా మీద పిల్లల బడి, నీటి తొట్టి, వ్యాయామానికి చోటు. ప్రతి కొలతా మనిషి ఒంటి కొలత నుంచి తీసుకున్నదే. ఆరడుగుల మనిషి చెయ్యెత్తి నిలబడితే ఎంత ఎత్తు అవుతుందో, ఆ 2.26 మీటర్లే గది ఎత్తు. ఎమా మఠంలో చూసిన ఏకాంతమూ సామూహిక జీవనమూ నలభై ఏళ్ళ తర్వాత ఇక్కడ ఒకే కప్పు కిందికి వచ్చాయి.

ఊరివాళ్ళు దాన్ని పిచ్చివాడి ఇల్లని ఎగతాళి చేశారు. నేడు ఆ పేరునే ముచ్చటగా చెప్పుకుంటున్నారు. ఇప్పటికీ అది కుటుంబాలు నివసిస్తున్న భవనం. కనుక గైడు వెంట వెళ్ళే బృందాలు నడవల్లో నెమ్మదిగా మాట్లాడుకోవాలి. ఈ నమూనాను చూసి యూరప్‌లో ఎన్నో నగరాల శివార్లలో ఎత్తయిన అపార్టుమెంట్లు లేచాయి. చాలా చోట్ల ఎత్తును మాత్రం అనుకరించి, అంగళ్ళను, బడిని, డాబా తోటను వదిలేశారు. అక్కడి ఇబ్బందులకు నింద మాత్రం ఈయన మీద కూడా పడింది.

తర్వాత వచ్చిన రెండు కట్టడాలు ఆయన పేరుకు కొత్త వెలుగు తెచ్చాయి. ఫ్రాన్సు తూర్పున రోఁషాఁ కొండ మీద పాత చర్చి 1944లో బాంబుదాడిలో శిథిలమైంది. ఆ చోట 1955లో కొత్త ప్రార్థనాలయం సిద్ధమైంది. పాత చర్చి రాళ్ళనే గోడలలో కూరారు. పీత డొప్ప ఆకారం నుంచి పుట్టిన బరువైన కప్పు గోడలకు పూర్తిగా ఆనకుండా, సన్నని వెలుగు గీత మీద తేలుతున్నట్లుంటుంది. వాననీరు వెనకవైపు ఒక దోనె గుండా తొట్టిలోకి దూకుతుంది. లియోఁ నగరానికి దగ్గరలో లా తూరెత్ మఠం 1960లో పూర్తయింది. సన్యాసుల గదులు నూరు దాకా ఉన్నాయి. ఇప్పుడు యాత్రికులు ఒక రాత్రి ఆ చిన్న గదులలో బస చేయవచ్చు. ఇరవై ఏళ్ళ వయసులో ఇటలీలో చూసిన మఠం రుణం డెబ్బయ్యేళ్ళు దాటాక ఇలా తీర్చుకున్నాడు.

చండీగఢ్ పిలుపు

దేశ విభజనలో లాహోరు పాకిస్తానుకు పోగా, మన పంజాబుకు కొత్త రాజధాని కావలసివచ్చింది. మొదట ప్రణాళిక పనిలో ఉన్న మాథ్యూ నొవిత్స్కీ 1950లో విమాన ప్రమాదంలో మరణించాడు. అప్పుడు పంజాబు అధికారులు థాపర్, ఇంజనీరు వర్మ యూరప్ వెళ్ళి కార్బూజియేను ఒప్పించారు. 1951 ఫిబ్రవరిలో ఆయన మన గడ్డ మీద అడుగుపెట్టాడు. హైకోర్టు, సచివాలయం, శాసనసభ ఆయన రూపకల్పనలే. ప్రభుత్వోద్యోగుల క్వార్టర్ల పని పియేర్ జన్నెరె, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ చేపట్టారు. ముఖ్యమంత్రి నుంచి బంట్రోతు వరకు హోదాల వారీగా క్వార్టర్లు ఉన్నా, అన్నిటికంటె చిన్నదానికీ రెండు గదులు, వంటిల్లు, వరండా, పెరడు ఉండేలా చూశారు. సర్వీసంతా క్వార్టర్లలో గడిపినవారికి ఆ పెరడు విలువ తెలుసు. పియేర్ 1965 దాకా చండీగఢ్‌లోనే పనిచేశాడు. 1967లో ఆయన మరణించిన తర్వాత కోరిక ప్రకారం అస్థికలను అక్కడి సుఖ్నా సరస్సులో కలిపారు. 2014లో మన రాష్ట్రం రెండయి, హైదరాబాదు పదేళ్ళ పాటు ఉమ్మడి రాజధాని అయినప్పుడు, పంజాబు, హర్యానాల ఉమ్మడి రాజధానిగా చండీగఢ్ పేరు మన ఇళ్ళలోనూ మారుమోగింది.

మూడవ ఇల్లు: పన్నెండడుగుల చదరం

నగరాలకు నగరాలే గీసిన ఈ మనిషి తన కోసం, తన భార్య ఇవోన్ కోసం కట్టుకున్నది ఒక చెక్కగుడిసె. ఫ్రాన్సు దక్షిణ తీరాన, ఆమె పుట్టిన మొనాకోకు చేరువలో, కాప్ మార్తాఁ అనే చోట సముద్రానికి ఎగువన అది ఉంది. 1951 డిసెంబరు 30న పక్కనే ఉన్న చిన్న హోటలు బల్ల దగ్గర కూర్చొని, ముప్పావు గంటలో ప్లాను గీసి, భార్యకు పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు. 1952లో అది సిద్ధమైంది. పొడవు 3.66 మీటర్లు, వెడల్పు 3.66 మీటర్లు. మన లెక్కలో సరిగ్గా పన్నెండడుగుల గది. అందులోనే పడక, బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, మూలన మరుగుదొడ్డి, పైన సామాను అటక. వంటిల్లు లేదు. లోపలి తలుపు తీస్తే పక్క హోటలే భోజనశాల. వెలుపల పొట్టు తీయని దుంగ చెక్కలు. పది అడుగుల దూరం నుంచి చూస్తే అడవిలో కట్టెలు కొట్టేవాడి గుడిసె అనుకుంటాం.

వేసవి రోజులు అక్కడే గడిపేవాడు. ఉదయం బొమ్మలు వేయడం, పక్కనే చిన్న పాకలో ప్లాన్లు గీయడం, సముద్రంలో ఈత. 1957లో ఇవోన్ పోయింది. 1960లో తల్లి పోయింది. 1965 ఆగస్టు 27 ఉదయం, వైద్యుల సలహాను పక్కనపెట్టి ఈతకు వెళ్ళి, సముద్రంలోనే ప్రాణం విడిచాడు. అప్పటికి వయసు 77 సంవత్సరాలు. సెప్టెంబరు 1న పారిస్‌లో లూవ్ర్ రాజభవన ప్రాంగణంలో ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు జరిగింది. గ్రీసు నుంచి ఏథెన్సు కొండ మట్టి, మన దేశం నుంచి గంగాజలం ఆ శవపేటికను చేరాయి. కాప్ మార్తాఁకు ఎగువనున్న శ్మశానంలో, భార్య కోసం తానే రూపొందించిన సమాధిలో, ఆమె పక్కనే ఆయనకూ చోటు దొరికింది.

యాత్రలో ఈ గుడిసెకు ముందుగా పేరు నమోదు చేసుకొని, గైడు వెంట, కొద్దిమంది చొప్పున మాత్రమే వెళ్ళాలి. రైలు స్టేషను నుంచి సముద్రపు అంచున కాలిబాట. మెట్లు కూడా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఊతకర్ర తీసుకువెళ్ళడం మంచిది.

ఇరవై అయిదేళ్ళ వయసులో తల్లిదండ్రులకు మేడ కట్టాడు. అది వారి పొదుపును మింగింది. ముప్పై ఆరేళ్ళ వయసులో వారి నడక, కూర్చోవడం, చూడటం గమనించి చిన్న ఇల్లు కట్టాడు. అది తల్లిని నూరేళ్ళ దగ్గరిదాకా కాపాడింది. అరవై నాలుగేళ్ళ వయసులో తనకు పన్నెండడుగుల గది చాలనుకున్నాడు. అందరూ పన్నెండడుగుల గదిలో ఉండాలని దీని అర్థం కాదు. మన ఇళ్ళకు మనవలు రావాలి, పండుగలు జరగాలి, పూజగది ఉండాలి. కాని ఇల్లు కట్టబోయే మన సభ్యులు, కట్టించబోయే వారి పిల్లలు, ఎన్ని గదులు అన్న లెక్కకు ముందు, ఆ ఇంట్లో ఉండబోయే ఇద్దరూ పొద్దున లేచింది మొదలు ఎక్కడ కూర్చుంటారు, ఏం చూస్తారు, ఎన్ని మెట్లు ఎక్కగలరు అని ఒకసారి ఆలోచిస్తే ఎంతో మేలు. మన సభ్యులలో ఎవరైనా పిల్లల దగ్గరకు యూరప్ వెళ్ళినప్పుడు వీలు చేసుకొని సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఇల్లు చూసి రావలసిందిగా మనవి. వెళ్ళే ముందు సందర్శన వేళలు మాత్రం విచారించుకోవాలి.